బ్రేకు పెడల్ అదిరిన రోజు నుంచి

వాన అప్పుడే తెరిపిచ్చింది. ముందు వెళ్తున్న వ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను బ్రేకు గట్టిగా తొక్కాను. మరుక్షణం పెడల్ కింద నుంచి ఎవరో సుత్తితో టకటకా కొడుతున్నట్టు నా పాదం అదరడం మొదలైంది. ముందు వైపు నుంచి గరగరమని చప్పుడు. బ్రేకులో ఏదో విరిగిపోయిందనుకున్నాను. భయంతో కాలు తీసేశాను. తీసింది అర సెకనే. ఆ అర సెకనులో కారు మళ్లీ ముందుకు సాగింది. మళ్లీ తొక్కాను. వ్యాను బంపరుకు జానెడు దూరంలో ఆగాం.

వెనక సీట్లో మూడేళ్ల మా పాప, దాని పక్కన మా అత్తయ్య ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చాక కూడా నా చేతుల వణుకు తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, బ్రేకు పాడైందని చెప్పాను. ఆయన నా మాట అంతా విన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాడకంలో లేని ఒక వెడల్పాటి తారు స్థలానికి పోనిచ్చాడు. ముందు రాత్రి పడ్డ వాన ఇంకా ఆరలేదు. వేగం నలభైకి రాగానే బ్రేకు బలంగా తొక్కి పట్టుకున్నాడు. అదే గరగర. కారు నిటారుగా వెళ్లి ఆగింది.

"ఇదేనా మేడమ్ నిన్న వచ్చిన చప్పుడు?"

"ఇదే."

"ఇది ఏబీఎస్, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. మీ బ్రేకులకు ఏమీ కాలేదు, అది చేయాల్సిన పని చేసింది. మీరే కాలు తీసేశారు."

ఐదేళ్లుగా నడుపుతున్న కారు అది. కొన్నప్పుడు ఏబీఎస్ ఉందా అని నేనే అడిగి మరీ తీసుకున్నాను. అది పనిచేసేటప్పుడు ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు తిరగడం ఆగిపోయి, టైరు రోడ్డు మీద జారుతూ పోతుంది. జారుతున్న టైరు స్టీరింగ్ మాట వినదు. ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఏబీఎస్‌లో ఒక్కో చక్రానికి ఒక సెన్సర్ ఉంటుంది. ఏ చక్రం బిగుసుకుపోబోతోందో ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని కాస్త వదిలి, మళ్లీ పడుతుంది. ఇలా సెకనులో ఎన్నోసార్లు చేస్తుంది. ఆ వదలడం, పట్టడం బ్రేక్ ఆయిల్ ద్వారా వెనక్కి వచ్చి పాదానికి తగులుతుంది. నాకు తగిలిన సుత్తి దెబ్బలు అవే. ఇది కార్లలో వచ్చి చాలా కాలమైంది. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో పెట్టారు.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా నాన్న. ఆయన నడిపిన పాత కారులో ఏబీఎస్ లేదు. "తడి రోడ్డు మీద ఒక్కసారిగా తొక్కి పట్టుకోకు, తొక్కి వదులు, తొక్కి వదులు" అని నేర్పారు. ఆయన కారుకు అది సరైన పద్ధతే. నా కారుకు మాత్రం కాదు. ఇక్కడ మనం వదిలితే, అది చేస్తున్న పనిని మధ్యలో ఆపినట్టే. యాభై కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. అర సెకను కాలు తీస్తే బ్రేకు లేకుండా ఏడు మీటర్లు పోయినట్టు లెక్క. ఆ రోజు మా అదృష్టం, అంతకుముందే వేగం చాలావరకు తగ్గింది.

మెకానిక్ నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి చేయించాడు. మొదటిసారి పెడల్ అదరగానే నా కాలు దానంతట అదే లేచిపోయింది. కారణం తెలిశాక కూడా లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి పళ్లు బిగబట్టి అలాగే తొక్కి ఉంచాను. నాలుగోసారి ఆయన ఒక ఖాళీ ప్లాస్టిక్ బకెట్ దూరంగా పెట్టి, "బ్రేకు వదలకుండా దాన్ని తప్పించండి" అన్నాడు. పాదం కింద పెడల్ కొట్టుకుంటూనే ఉంది, స్టీరింగ్ తిప్పితే కారు తిరిగింది, బకెట్ పక్కగా పోయి ఆగాం. ఏబీఎస్ ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. అది ఉంటే కారు ప్రతిసారీ తక్కువ దూరంలోనే ఆగుతుందని కాదు. కంకర మీద, వదులు మట్టి మీద ఇంకాస్త దూరం పోయి ఆగవచ్చు కూడా. అది ఇచ్చేది ఏమిటంటే, బ్రేకు పూర్తిగా తొక్కి ఉన్నా స్టీరింగ్ మన మాట వినడం.

ఆ రాత్రి గ్లవ్ బాక్సులోంచి మాన్యువల్ బయటికి తీశాను. దాని ప్లాస్టిక్ కవరు ఐదేళ్లుగా విప్పనేలేదు. బ్రేకు విషయంలోనే ఇంత తెలియకపోతే ఇంకెన్ని తెలియవో అనిపించింది. ప్రతి ఆదివారం ఒక గంట, ఒళ్లో మాన్యువల్ పెట్టుకుని, కారులో ఒక్కో భాగం చూడాలని అనుకున్నాను. మూడు నెలలు పట్టింది.

మొదటి ఆదివారం నేను కూర్చునే తీరుతోనే సరిపోయింది. నేను పొట్టి మనిషిని. కాళ్లు అందాలని సీటును ముందుకు లాక్కుని, స్టీరింగ్‌కు దాదాపు ఆనుకుని నడిపేదాన్ని. స్టీరింగ్ మధ్య నుంచి నా రొమ్ము ఎముక దాకా టేపుతో కొలిస్తే 17 సెంటీమీటర్లు వచ్చింది. కనీసం 25 ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ మెత్తటి దిండులా మెల్లగా ఉబ్బదు. గుద్దుకున్న క్షణంలో చిన్న పేలుడుతో గ్యాస్ నిండి, రెప్ప వేసి తెరిచేలోపు పూర్తిగా తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక మనం దాని మీద వాలితే కాపాడుతుంది. తెరుచుకుంటున్నప్పుడే మన ఛాతీ దానికి అడ్డంగా ఉంటే ఆ దెబ్బంతా మన మీదే పడుతుంది.

సీటు వెనక్కి జరిపితే బ్రేకు అందలేదు. అరగంట కుస్తీ పట్టాను. సీటు ఎత్తు పెంచాను, వీపు ఆనించే భాగాన్ని కొంచెం వెనక్కి వంచాను, స్టీరింగ్‌ను కాస్త దించాను. బ్రేకు చివరి దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా చూసుకున్నాను. వీపు సీటుకు ఆనించి చేతులు చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడింది. మళ్లీ కొలిస్తే 27. రెండు రోజులు కొత్త కారు నడుపుతున్నట్టు అనిపించింది, తర్వాత అలవాటైంది. నడుము నొప్పి తగ్గడం నేను ఎదురుచూడని లాభం.

హెడ్‌రెస్ట్ సంగతి కూడా ఆ రోజే తెలిసింది. పేరులో రెస్ట్ ఉంది కాబట్టి తల ఆనించుకోవడానికి అనుకునేదాన్ని. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఒళ్లు సీటుతో పాటు ముందుకు పోతుంది, తల వెనకే ఉండిపోయి మెడ విరుచుకుపోతుంది. అది జరగకుండా తలను పట్టుకోవడానికే హెడ్‌రెస్ట్. దాని పైఅంచు మన తల పైభాగంతో సమానంగా ఉండాలి, తలకు, దానికి మధ్య వీలైనంత తక్కువ ఖాళీ ఉండాలి. మా కారులో అన్నీ కొన్ననాటి నుంచి అడుగుకు దించే ఉన్నాయి. మా ఆయన ఆరడుగుల మనిషి. ఆయన హెడ్‌రెస్ట్ సరిగ్గా మెడ దగ్గరికి వచ్చి ఆగింది. తల వెనక్కి పోతే దాని మీద నుంచి విరగడానికి అనువుగా ఉంది.

సీటు బెల్టు మేం పెట్టుకునేవాళ్లం. పెట్టుకుంటున్నాం కదా అనే నిశ్చింత కూడా ఉండేది. ఎలా పెట్టుకుంటున్నామో చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు. బెల్టు పైపట్టీ భుజం మధ్యగా, ఛాతీ మీదుగా పోవాలి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, దాని కింద తుంటి ఎముకల మీద ఉండాలి. గుద్దుకున్నప్పుడు పడే బలాన్ని ఎముకలు తట్టుకుంటాయి, పేగులూ కాలేయమూ తట్టుకోలేవు. కడుపుతో ఉన్నవాళ్లు కూడా నడుము పట్టీని పొట్ట కిందుగానే పెట్టుకోవాలి. ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. ఆ కంపెనీ పేటెంటును తన దగ్గరే దాచుకోకుండా మిగతా కంపెనీలనూ వాడుకోనిచ్చింది. నాకు ఈ సంగతి చదివినప్పుడు ఆ మనుషుల మీద గౌరవం కలిగింది.

మా అత్తయ్యకు బెల్టు మెడకు ఒరుసుకుంటుంది. అందుకని పైపట్టీని చంక కింద నుంచి వేసుకునేవారు. నేను ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు.

"అత్తయ్యా, అలా వేసుకుంటే బెల్టు బలమంతా పక్కటెముకల మీద పడుతుంది. భుజాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు, ఒళ్లంతా ముందుకు తూలుతుంది."

"మరి మెడ కోసుకుపోతోందే తల్లీ. అరగంట కూర్చుంటే మంట."

ఆవిడ చెప్పిందీ నిజమే. మా వెనక సీట్లో బెల్టు ఎత్తు మార్చే వీలు లేదు. ముందు సీటు పక్కన స్తంభానికి మాత్రం బెల్టును పైకీ కిందికీ జరిపే మీట ఉంది. అత్తయ్యను ముందు కూర్చోబెట్టి, దాన్ని రెండు మెట్లు కిందికి దించాను. బెల్టు భుజం మధ్యకు వచ్చింది. ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇది ముందే చెప్పొచ్చుగా" అన్నారు. ఆ రోజు నుంచి ముందు సీటు ఆవిడది, వెనక పాప పక్కన మా ఆయన.

ఆయన వెనక కూర్చుంటే బెల్టు అక్కర్లేదనే రకం. ఈ విషయంలో మా ఇద్దరికీ కాస్త గట్టిగానే మాట పట్టింపు వచ్చింది. చివరికి నేను అన్నది ఒక్కటే. "బెల్టు లేకుండా మీరు వెనక ఉంటే, గుద్దుకున్నప్పుడు మీ బరువంతా వచ్చి ముందు సీట్లో ఉన్న మీ అమ్మ వీపు మీద పడుతుంది." ఆ మాటతో వాదన ఆగింది. ఇప్పుడు అందరికన్నా ముందు ఆయనే బెల్టు పెట్టుకుంటున్నారు. సీటును బాగా వెనక్కి వాల్చి పడుకునే అలవాటు కూడా మానిపించాను. అలా పడుకుంటే బెల్టు ఛాతీకి దూరంగా గాల్లో ఉంటుంది. గుద్దుకుంటే మనిషి బెల్టు కింద నుంచి జారిపోతాడు.

తర్వాతి ఆదివారం సైడ్ ఎయిర్‌బ్యాగుల పేజీ చదువుతున్నాను. మా కారులో అవి ముందు సీట్ల పక్క అంచులోనే ఉన్నాయని, అక్కడ చిన్న గుడ్డ ముక్క మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటుందని ఉంది. వెళ్లి చూస్తే అలాంటిదేమీ కనిపించలేదు. టార్చి పట్టుకుని, సీటు కవరు అంచు పైకి లేపి చూశాను. ఉంది. మందపాటి కవరు లోపల, దారాలతో గట్టిగా కుట్టేసిన భాగం కింద ఉంది. ఎయిర్‌బ్యాగ్ సీటు కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మేం ఇంకో గట్టి కవరు తొడిగి, రావాల్సిన దారి మూసేశాం. సైడ్ ఎయిర్‌బ్యాగుల కోసం పక్కన విప్పుకునేలా కుట్టిన కవర్లు ఉంటాయి. మావి అలాంటివి కావు. ఆ మధ్యాహ్నమే ముందు సీట్ల కవర్లు తీసేశాను. సీట్లు మాసిపోతాయని మా ఆయన బాధపడ్డారు. మాసిపోయాయి కూడా. ఉతికించుకుంటున్నాం.

అలా తీసిన రెండో రోజు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, ఆరిపోలేదు. మామూలుగా ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో ఏదో లోపం ఉన్నట్టు. నాకు టెన్షన్ మొదలైంది. మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. కవరు లాగినప్పుడు సీటు కింద ఉన్న పసుపు రంగు కనెక్టర్ వదులైందట. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు ఆ పసుపు రంగు పెట్టేదే ఎవరూ పొరపాటున కదిలించకుండా ఉండటానికని చెప్పాడు. బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, కనెక్టర్ సరిచేసి, లోపాన్ని మెమరీలోంచి తుడిచాడు. ఇప్పుడు కారు స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, లైట్లన్నీ వెలిగాయా, ఆరాల్సినవి ఆరాయా అని చూస్తాను. ఎర్ర లైటు వెలిగితే వీలైనంత త్వరగా సురక్షితమైన చోట ఆపాలి, పసుపు రంగుదైతే తొందరలో చూపించుకోవాలి. ఇది తెలుసుకోవడానికి ఒక్క పేజీ చాలు.

పాప సీటు దగ్గర మాత్రం నా గుండె ఆగినంత పనైంది.

ఐసోఫిక్స్ ఉన్న సీటే కొన్నాం. వెనక సీటు మడతలో రెండు ఇనుప కడ్డీలుంటాయి, సీటు కొక్కేలు వాటికి క్లిక్‌మని పడతాయి, పక్కన ఆకుపచ్చ గుర్తు కనబడుతుంది. అంతవరకు సరిగ్గానే ఉంది. సీటు పైభాగం నుంచి ఇంకో పట్టీ వస్తుంది, టాప్ టెథర్ అంటారు. గుద్దుకున్నప్పుడు సీటు పైభాగం ముందుకు తూలకుండా, పిల్ల తల ముందు సీటుకు కొట్టుకోకుండా అది పట్టి ఉంచుతుంది. దాన్ని నేను డిక్కీలో కనబడిన ఒక కొక్కేనికి తగిలించాను. మాన్యువల్లో బొమ్మ చూస్తే అది సామాను సంచులు కదలకుండా కట్టుకునే కొక్కెం. అసలు టెథర్ బిగించాల్సిన లంగరు వెనక సీటు వీపు భాగానికి, చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంది. దాని మీద లంగరు గుర్తు కూడా వేసి ఉంది. సామాను కొక్కేన్ని చేత్తో పట్టి లాగితేనే కాస్త వంగింది. ఏడాదిగా నా బిడ్డ తలకు ఆధారం అదే.

కాసేపు అక్కడే, డిక్కీ అంచు మీద కూర్చుండిపోయాను. తర్వాత అన్నీ విప్పి మొదటి నుంచి బిగించాను. బిగించాక సీటును కింది భాగంలో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను. రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. భుజం పట్టీలు బయటికి వచ్చే రంధ్రాలు, పిల్ల ముందుకు చూస్తూ కూర్చునే సీటులో భుజాలకు సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి. పాప ఏడాదిలో పొడుగైంది, పట్టీలు మాత్రం కిందే ఉండిపోయాయి. ఒక మెట్టు పైకి మార్చాను. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడత పెట్టబోతే చిక్కకూడదు. చిక్కిందంటే వదులుగా ఉన్నట్టు. మందపాటి స్వెట్టర్ మీద పట్టీలు బిగిస్తే అవి బిగుతుగా ఉన్నట్టు కనిపిస్తాయే గానీ, దెబ్బకు ఆ ఉన్ని అణిగిపోయి పట్టీ వదులవుతుంది. చలిగా ఉంటే ముందు పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పడం మంచిది.

చిన్న పిల్లలున్న ప్రతి ఇంటివాళ్లకూ ఇంకొక్కటి చెప్పాలి. వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. బ్యాగు తెరుచుకునే బలం నేరుగా సీటు వీపుకు, అంటే బిడ్డ తల వెనక భాగానికి తగులుతుంది. సీటు కంపెనీ చెప్పిన ఎత్తు, బరువు దాటేదాకా పిల్లల్ని వెనక్కి తిరిగే కూర్చోబెట్టడం, అదీ వెనక సీట్లో, అన్నిటికన్నా క్షేమం. మేం పాపను తొందరపడి ముందుకు తిప్పేశాం. అప్పుడే తెలిసి ఉంటే తిప్పేదాన్ని కాదు.

టైర్ల ఆదివారం నాడు ఇంకో తప్పు బయటపడింది. అంతకు రెండు నెలల ముందు డాష్‌బోర్డు మీద టైరు ప్రెషర్ లైటు వెలిగింది. టైర్లను కంటితో చూశాను, బాగానే అనిపించాయి. కింద ఒక బటన్ ఉంటే నొక్కి పట్టుకున్నాను, లైటు ఆరిపోయింది. పని అయిపోయిందనుకున్నాను. మాన్యువల్ చదివితే అర్థమైంది. మా కారులో టైరు లోపల ప్రెషర్ కొలిచే సెన్సర్ లేదు. గాలి తగ్గిన చక్రం మిగతావాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది, ఏబీఎస్ సెన్సర్ల ద్వారా ఆ తేడాను పసిగట్టి లైటు వెలిగిస్తుంది. ఆ బటన్ నొక్కడమంటే "ఇప్పుడున్న గాలే సరైనది, ఇదే గుర్తుపెట్టుకో" అని కారుకు చెప్పడం. ముందు గాలి సరిచేసి, ఆ తర్వాత నొక్కాలి. నేను కారు చెప్పింది వినకుండా, తక్కువ గాలినే సరైన లెక్కగా దానికి నేర్పాను.

చిన్న గేజ్ కొనుక్కుని పొద్దున్నే, కారు కదలకముందు కొలిచాను. నడిపాక కొలిస్తే టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంది. పీఎస్ఐ లెక్కలో ముందు 32, వెనక 30, మనుషులూ సామానూ నిండుగా ఉంటే వెనక 36. టైరు మీద అచ్చువేసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మనం పెట్టించాల్సింది కాదు. మా ముందు కుడి టైరులో 24 ఉంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగుతూ వేడెక్కుతాయి, వేగంలో పేలిపోయే ప్రమాదం ఉంటుంది. స్టెప్నీలో 14 మాత్రమే ఉంది. ఐదేళ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైర్ల లోపలి అంచు చూశాను. బయటికి గాడులు బాగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయింది. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పిందన్నమాట. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటికి సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, ఇక మార్చాల్సిందే. మా లోపలి అంచులో అవి సమానం కావడం కాదు, అసలు కనిపించడమే మానేశాయి. ఆ తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోసే గాడులే లేకుండా నడిపాను. ఏబీఎస్ ఎంత బాగా పనిచేసినా, చివరికి రోడ్డును పట్టుకోవాల్సింది టైరే. ముందు రెండు టైర్లు మార్పించి అలైన్‌మెంట్ చేయించాం. మంచి టైర్లు వెనక ఉంటే తడిలో కారు వెనక భాగం జారిపోకుండా ఉంటుందని చెప్పి, మెకానిక్ కొత్తవాటిని వెనక వేసి, వెనకవి ముందుకు తెచ్చాడు. టైరు వయసు కూడా చూడటం నేర్చుకున్నాను. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని.

చక్రం మార్చడం ఇంటి ముందు సమతలం మీద ఒకసారి చేసి చూశాను. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎదురుమూల చక్రానికి ఇటుక అడ్డం పెట్టాను. నట్లను కారు లేపకముందే కొంచెం వదులు చేసుకోవాలి. లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీద నుంచి జారొచ్చు. జాకీ పెట్టడానికి కారు అడుగు అంచున గుర్తులుంటాయి, వేరే చోట పెడితే రేకు నొక్కుకుపోతుంది. జాకీ మీదున్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టకూడదు. బిగించేటప్పుడు పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురువి బిగిస్తూ పోవాలి. మా స్టెప్నీ సన్నటిది. దాని మీద గంటకు 80 కిలోమీటర్లు మించొద్దని రాసి ఉంది.

బోనెట్ కింద పని నేననుకున్నంత భయపెట్టేది కాదు. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. కూలెంట్ డబ్బా బయటికే కనిపిస్తుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత తీయకూడదు, మరిగే నీరు ఒత్తిడితో మొహం మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి శుభ్రం చేయించాను.

బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం మెకానిక్ ఆగాడు. డబ్బా మూత తీసి, ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేసి నాకు చూపించాడు. తేనె రంగులో ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది. పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేశాడు. రెండూ ఒకటే అంటే నమ్మలేం.

"ఇది ఎప్పుడు మార్పించారు మేడమ్?"

"మార్చాలని తెలియదు. సర్వీసింగ్‌కి మాత్రం ఏటా ఇస్తున్నాం."

"సర్వీసింగ్ అంటే చాలాసార్లు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లతో సరిపెడతారు. బిల్లులో బ్రేక్ ఆయిల్ ఉందో లేదో చూసుకోవాలి."

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 వరకు పడిపోవచ్చు. పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలు వేసి ఉంచితే బ్రేకులు బాగా వేడెక్కుతాయి, ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. ద్రవాన్ని నొక్కితే నొక్కుకోదు కాబట్టి బ్రేకు పడుతుంది, బుడగను నొక్కితే నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. మేం ఐదేళ్లు మార్చలేదు. ఇంకోటి కూడా ఆయన చెప్పాడు. డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసేసి ఊరుకోకూడదు. బ్రేకు ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. ముందు కారణం వెతకాలి.

మిగిలినవి చిన్న చిన్నవి. వైపర్ రబ్బర్లు మార్చాను. అద్దం లోపలివైపు కూడా తుడుస్తున్నాను, ఎదుటి బండి లైటు పడినప్పుడు కళ్లు చెదరడానికి ఆ జిడ్డు పొర కూడా కారణం. పక్క అద్దాలను నా కారు అంచు చూసీ చూడనట్టు కనిపించేదాకా బయటికి తిప్పాను, బ్లైండ్ స్పాట్, అంటే అద్దాల్లో కనబడని చోటు, చాలా తగ్గింది. డ్రైవర్ కాళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి వేసిన రెండు మ్యాట్లలో పైది తీసేశాను, అది జరిగి పెడల్ కింద ఇరుక్కోగలదు. స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చక్రం ఒకటుంది, అదేమిటో ఇన్నాళ్లూ తెలియదు. వెనక బరువు ఎక్కువైతే కారు ముక్కు పైకి లేచి, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. బరువును బట్టి దాన్ని తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది. సామానుతో బయల్దేరిన ప్రతి రాత్రీ ఎంతమంది కళ్లలో లైటు కొట్టానో అనుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పోయిన నెల నాన్న వచ్చారు. ఆయన కూడా ఈ మధ్యే కొత్త కారు కొన్నారు, దానికీ ఏబీఎస్ ఉంది. రాత్రంతా వాన పడింది. పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని ఆ తారు స్థలానికి తీసుకెళ్లాను. ఆయన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, సీటు సర్ది, హెడ్‌రెస్ట్ పైకి లేపి, నేను పక్కన కూర్చున్నాను.

"నలభైకి వచ్చాక గట్టిగా తొక్కండి నాన్నా. పెడల్ కొట్టుకుంటుంది. ఏమైనా కాలు తీయొద్దు."

తొక్కారు, తీసేశారు. నలభై ఏళ్ల అలవాటు. రెండోసారి, మూడోసారి, నాలుగోసారి కూడా ఆ కాలు తొక్కి వదిలి, తొక్కి వదిలి చేసింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వేగం అందుకున్నారు. ఐదోసారి పెడల్ అదురుతుంటే ఆయన మోకాలు కూడా అదరడం నాకు కనిపించింది. కాలు మాత్రం లేవలేదు. కారు తిన్నగా ఆగింది.

స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయకుండానే, "ఇంకొక్కసారి చేద్దాం అమ్మాయ్" అన్నారు.